కానుపు శస్త్రచికిత్స – మత్తుమందు – నెత్తుటిలోని చక్కెర

అనకాపల్లి యనగానే తెలుగువారికి బెల్లము జ్ఞప్తికి వచ్చును. శారదానది చెంతనున్న చెఱకు తోటలు, పిప్పి మంటపై తెర్లు పెనములు, బజారునకు దిగు బెల్లపు దిమ్మలు ఈ సీమకు తరతరములుగా అన్నము పెట్టుచున్నవి. 1913వ సంవత్సరమున ఇచ్చట వ్యవసాయ పరిశోధనా క్షేత్రము వెలసిన నాటినుండి చెఱకు రసములో తీపి యెంతయో కొలుచుట ఒక శాస్త్రముగా సాగుచున్నది. తీపిని కొలుచుట తెలిసిన ఈ సీమవారికి నేడు నేను మఱియొక తీపిని గూర్చి మనవి చేయదలచితిని. అది శస్త్రచికిత్సచే ప్రసవించు తల్లి నెత్తుటిలోని తీపి. ఆమెకిచ్చు మత్తు తీరునుబట్టి ఆ తీపి యెట్లు మారును, ఆ మార్పువలన తల్లికిని బిడ్డకును ఏమి కలుగును, ఇంటివారు తెలిసికొనవలసినదేమి, ఇదియే నేటి ప్రసంగ విషయము.

శ్రోతలారా, ఇది ఏ కొలదిమందికో సంబంధించిన విషయము కాదు. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలను బట్టి ఆంధ్రప్రదేశమున నూటికి 42కు పైగా కానుపులు, తెలంగాణమున నూటికి 60కి పైగా కానుపులు శస్త్రచికిత్సచే జరిగినవి. దేశమంతటికిని కలిపి చూచినచో ఆ సంఖ్య నూటికి 21 మాత్రమే. ఇన్ని ఆపరేషనులు అవసరమా యనునది వేఱొకనాడు చర్చింపదగిన ప్రశ్న. కాని మన ఇండ్లలో ఇంచుమించు రెండు కానుపులకొకటి ఆపరేషను బల్లమీద జరుగుచున్నపుడు, ఆ బల్లమీద తల్లి దేహములో జరుగునదేమో ఇంటివారికి కొంతయైనను తెలిసియుండుట మంచిది.

ముందుగా నెత్తుటిలో చక్కెర యెంతయుండునో చూతము. మన దేహమున ప్రవహించు నెత్తురు సుమారు 5 లీటర్లు. గర్భిణికి అంతకంటె ఎక్కువ. పరగడుపున ప్రతి 100 మిల్లీలీటర్ల నెత్తుటిలో గ్లూకోజు అను చక్కెర సుమారు 70 మొదలు 95 మిల్లీగ్రాముల వఱకు ఉండును. ఆ లెక్కన ఒంటిలోని నెత్తుటి చక్కెరనంతటిని ప్రోగుచేసినను సుమారు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు మాత్రమే. మెదడునకును, కడుపులోని శిశువునకును నిరంతరము ఆహారమందించునది ఈ చెంచాడు చక్కెరయే. ఇది హెచ్చినను చేటు, తగ్గినను చేటు. హెచ్చకుండ చూచునది క్లోమములో పుట్టు ఇన్సులిన్. తగ్గకుండ కాపాడునది కాలేయము. కాలేయమొక గాదె వంటిది. భోజనానంతరము మిగిలిన చక్కెరను అది గ్లైకోజెన్ అను రూపమున సుమారు 100 గ్రాముల వఱకు దాచుకొని, కావలసినపుడు కొంచెము కొంచెముగా నెత్తుటిలోనికి విడుచుచుండును.

ఈ గాదె తలుపులు ఒక్కసారిగా తెఱచుకొను సమయములు కలవు. పులి యెదుటబడినపుడు, కాలు విరిగినపుడు, భయము కలిగినపుడు దేహము “ఆపద వచ్చినది, పరుగెత్తుటకో పోరాడుటకో సత్తువ కావలయును” అని తలంచును. అధివృక్క గ్రంథులనుండి అడ్రినలిన్, కార్టిసాల్ అను రసములు వెలువడును. క్లోమమునుండి గ్లూకగాన్ అను రసము హెచ్చును, ఇన్సులిన్ స్రావము తగ్గును. కాలేయము తన నిలువను నెత్తుటిలోనికి కుమ్మరించును. కండరములు చక్కెరను తీసికొనుట మందగించును. నెత్తుటి చక్కెర పెరుగును. ఆదిమానవునకు ఇది ప్రాణరక్షణ సాధనము. కాని వైద్యుని కత్తికిని పులిగోటికిని గల భేదము దేహమునకు తెలియదు. ఆపరేషను బల్లమీద కూడ అదే అలజడి జరుగును. దీనినే వైద్యులు శస్త్రచికిత్సా ఒత్తిడి యందురు.

ఇచ్చట ఒక ముఖ్యమైన సంగతి కలదు. మనిషి నిద్రించుచున్నంత మాత్రమున ఈ అలజడి ఆగదు. కోతపడినచోటినుండి నరముల వెంట వార్త వెన్నుపామునకును, అచ్చటినుండి మెదడునకును పోవును. మనకు స్మారకము లేకున్నను మెదడు అడుగు భాగమునకు ఆ వార్త చేరుచునే యుండును. పీయూష గ్రంథి, అధివృక్క గ్రంథులు తమ పని తాము చేయుచునే యుండును. ఇల్లాలు నిద్రపోయినను పొయ్యిలో మంట మండుచున్నచో పెనములోని పాకము పొంగకమానదు గదా! మత్తుమందు తీరునుబట్టి చక్కెర మారుటకు మూలము ఇదియే. ఒక విధమైన మత్తు ఇల్లాలిని నిద్రపుచ్చును. వేఱొక విధమైన మత్తు పొయ్యిలోనికి పుల్ల చేరకుండ చేయును.

మత్తుమందు చరిత్రలో తెలుగునేలకు ఒక స్థానము కలదు. 1847లో ఎడింబరో నగర వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్ మొదట ఈథరును, పిదప క్లోరోఫారమును కానుపులలో వాడెను. ఆ క్లోరోఫారము వలన కొందఱు బల్లమీదనే మరణించుచుండగా, ప్రాణము తీయునది ఊపిరి ఆగుటయా, గుండె ఆగుటయా యను వివాదము చెలరేగెను. దానిని తేల్చుటకు హైదరాబాదు నగరమున ఎడ్వర్డ్ లారీ అను వైద్యుని ప్రోద్బలమున, నిజాము ప్రభుత్వ ధనసాహాయ్యముతో 1888లో ఒకటి, 1889లో మఱియొకటి, రెండు క్లోరోఫారము కమిషనులు పనిచేసినవి. ఆ కాలముననే రూపాబాయి ఫర్దూంజీ అను మహిళ హైదరాబాదులో వైద్యవిద్య నభ్యసించి మత్తుమందునిచ్చు పనిలో పేరుగాంచెను. కమిషనులు ఊపిరి ఆగుటయే కారణమనియు, గుండెకు భయము లేదనియు తేల్చినవి. కాని 1911లో లెవీ అను ఆంగ్ల పరిశోధకుడు వేఱొక నిజమును చూపెను. క్లోరోఫారము మత్తు తేలికగా ఉన్నపుడు, నెత్తుటిలో అడ్రినలిన్ హెచ్చినచో గుండె లయతప్పి ఆగిపోవుననెను. నాడు గుండెనాపిన ఆ అడ్రినలినే నేడు మనము చెప్పుకొను చక్కెరను పెంచు రసము. మత్తు చాలినంత లోతుగా లేని దేహములో, కత్తి తగిలినపుడు ఆ రసము ఎగసిపడుననునది అప్పటినుండియు వైద్యులకు తెలిసిన పాఠము.

ఇక నేటి సంగతి. సిజేరియన్ ఆపరేషనుకు ముఖ్యముగా రెండు తీరుల మత్తు కలదు. మొదటిది పూర్తి మత్తు. నరములోనికి మందు నెక్కించి తల్లిని నిద్రపుచ్చి, గొంతులోనికి గొట్టము దింపి, ప్రాణవాయువుతోపాటు మత్తువాయువును పీల్పింతురు. రెండవది వెన్నుమత్తు. నడుము దిగువభాగమున, వెన్నుపాము ముగిసిన చోటికి క్రిందుగా, సన్నని సూదితో వెన్నునీటిలోనికి కొలదిగా మందు నెక్కింతురు. 1898లో జర్మనీ వైద్యుడు ఆగస్ట్ బియర్ దీనిని మొట్టమొదట శస్త్రచికిత్సకు వాడెను. వెన్నుపొరలకు వెలుపల సన్నని గొట్టమునుంచి మందునిచ్చు ఎపిడ్యూరల్ పద్ధతియు ఈ జాతిలోనిదే.

పూర్తిమత్తులో సిజేరియనుకు మాత్రమే కల చిక్కు ఒకటి యున్నది. ఇతర శస్త్రచికిత్సలలో గొంతులోనికి గొట్టము దింపుటకు ముందే బలమైన నొప్పిమందునిచ్చి దేహపు అలజడిని అణచవచ్చును. సిజేరియనులో అట్లు చేసినచో ఆ మందు మావిని దాటి శిశువును చేరి, పుట్టిన బిడ్డ ఊపిరి తీయుటకు బద్ధకించును. అందువలన బిడ్డ వెలికివచ్చువఱకు అట్టి మందులను సాధారణముగా ఆపియుంతురు. అనగా గొంతులో గొట్టము దిగునపుడును, కడుపుపై తొలికోత పడునపుడును తల్లి నిద్రలో నున్నను ఆమె దేహము పూర్తిగా శాంతించి యుండదు. అడ్రినలిన్, కార్టిసాల్ ఎగయును. దీనికితోడు సీవోఫ్లూరేన్, ఐసోఫ్లూరేన్ వంటి మత్తువాయువులు క్లోమము ఇన్సులిన్ విడుచుటను కొంత మందగింపజేయును. రెండు కారణములు కూడి చక్కెర పెరుగును.

వెన్నుమత్తులో జరుగునది వేఱు. బ్యుపివకేయిన్ అను మందు నరముల వేళ్ళను తడిపి, ఇంచుమించు రొమ్ముల మట్టమునుండి పాదముల వఱకు వార్తలు పోవు మార్గమును మూసివేయును. కోతవార్త మెదడునకు చేరదు. అంతే కాదు, అధివృక్క గ్రంథులకును కాలేయమునకును ఆజ్ఞలు మోయు నరములలో పెక్కు ఆ మట్టమునకు దిగువనే వెన్నునుండి బయలుదేరును గావున, అడ్రినలిన్ విడుమను ఆజ్ఞయు చేరదు. 1970వ దశకమున డెన్మార్కు దేశమున కెలెట్ అను శస్త్రవైద్యుడును ఆయన సహచరులును గర్భాశయమును తొలగించు ఆపరేషనులలో దీనిని కొలిచి చూచిరి. పూర్తిమత్తు మాత్రమే పొందినవారికి చక్కెరయు కార్టిసాలును పెరిగినవి. నడుమునుండి మందుపొంది నరమార్గములు మూతబడినవారికి ఆ పెరుగుదల అణగియుండెను. దిగువ కడుపు ఆపరేషనులలో ఈ మేలు స్పష్టముగా కనబడును. సిజేరియను దిగువ కడుపు ఆపరేషనే గదా! తరువాత సిజేరియను తల్లులలో పోల్చి చూచిన పరిశీలనములును ఆ దారినే చూపినవి. వెన్నుమత్తులో చక్కెర ఇంచుమించు నిలుకడగా ఉండుననియు, పూర్తిమత్తులో హెచ్చుననియు వాని సారాంశము.

ఈ మాట వినినంతనే పూర్తిమత్తును దోషిగా నిలబెట్టుట న్యాయము కాదు. మూడు సంగతులు తూచవలయును. ఒకటి: మధుమేహము లేని తల్లికి ఈ పెరుగుదల తాత్కాలికము. ఆమె క్లోమము మేల్కొని దానిని సరిదిద్దుకొనగలదు. రెండు: పూర్తిమత్తు తఱచుగా తొందర కానుపులకు, రక్తస్రావమగుచున్నవారికి, చాలసేపు నొప్పులుపడి అలసినవారికి ఇచ్చుచుందురు. అట్టివారిలో భయమువలనను బాధవలనను చక్కెర ముందే పెరిగియుండును. అందులో మత్తు పాలెంత, ఆపద పాలెంత యని విడదీసి చూడవలయును. మూడు: వెన్నుమత్తు కాపుదల ఆ మత్తు ఉన్నంతసేపే. అది దిగిన పిమ్మట నొప్పి తలెత్తును; నొప్పితో చక్కెరయు తలెత్తవచ్చును. కావున ఆపరేషను తరువాత నొప్పిని చక్కగా అణచుట కేవలము సుఖము కొఱకు గాదు, అది చికిత్సలో భాగము.

ఇచ్చట కొందఱకు ఒక సందేహము కలుగవచ్చును. వెన్నులోనికెక్కించు మందు బరువుగా నుండి దిగువకు దిగుటకై అందులోనే కొంత చక్కెర కలుపుదురని వినియుందురు. అది నిజమే. ఆ మందులో మిల్లీలీటరునకు 80 మిల్లీగ్రాముల డెక్స్‌ట్రోజు ఉండును. ఎక్కించునది సుమారు 2 మిల్లీలీటర్లు. కలిపిచూచిన 160 మిల్లీగ్రాములు, ఒక చిటికెడు. దానివలన తల్లికి చక్కెర పెరుగదు. మధుమేహమున్న తల్లి దానికి జంకనక్కరలేదు.

జంకవలసినది చేతి నరమునకు తగిలించు సీసా విషయమున. అర లీటరు 5 శాతపు డెక్స్‌ట్రోజు సెలైనులో 25 గ్రాముల చక్కెర యుండును. మన ఒంటి నెత్తుటి చక్కెర యంతయు చెంచాడని చెప్పుకొంటిమి గదా! ఆ చెంచాడుపై అయిదు చెంచాలు ఒక్కసారి పోసినచో ఏమగును? వెన్నుమత్తువలన రక్తపుపోటు పడిపోవుట సహజము. దానిని నిలుపుటకు ద్రవము వేగముగా నెక్కించుట యవసరము. ఆ ద్రవము చక్కెరనీరైనచో వెన్నుమత్తు చేసిన మేలంతయు గంగపాలగును. అందుచేతనే పోటు నిలుపుటకు చక్కెరలేని రింగర్ లాక్టేటు వంటి ఉప్పుద్రవములను వాడుచున్నారు. ఇన్సులిన్ తీసికొను తల్లికి కొలతప్రకారము మెల్లగా చక్కెరద్రవము నిచ్చుట వేఱు. పోటు పడినదని గడగడ నెక్కించుట వేఱు. “నీరసముగా నున్నది, గ్లూకోజు సీసా పెట్టుడు” అని ఇంటివారు బలవంతము చేయుటయు తగదు.

తల్లి చక్కెర పెరిగినచో బిడ్డకేమి? ఈ ప్రశ్నయే అసలైనది. గ్లూకోజు మావిని దాటి శిశువును చేరును. తల్లి ఇన్సులిన్ మాత్రము దాటదు. తల్లి చక్కెర హెచ్చినచో శిశువు చక్కెరయు హెచ్చును. దానిని సరిచేసికొనుటకు శిశువు తన క్లోమమునుండి తానే ఇన్సులిన్ పుట్టించుకొనవలయును. 1952లో డెన్మార్కు వైద్యుడు పెడర్సన్ ఈ సిద్ధాంతమును ప్రతిపాదించెను. ఇక బొడ్డుత్రాడు కోసినప్పుడు ఏమగునో చూడుడు. తల్లినుండి వచ్చు చక్కెర ఆ క్షణముననే ఆగిపోవును. బిడ్డ నెత్తుటిలోని ఇన్సులిన్ మాత్రము అట్లే నిలిచియుండును. గంట రెండు గంటలలో బిడ్డ చక్కెర దిగజారును. బిడ్డ వణకవచ్చును, మగతగా పడియుండవచ్చును, పాలు కుడువకపోవచ్చును. ఒక్కొక్కపుడు ఏ గుఱుతును కనబడకపోవచ్చును. అది తీవ్రమైనచో, చాలసేపు నిలిచినచో మెదడునకు హాని. తల్లికి తీపి హెచ్చినచో బిడ్డకు తీపి కఱవగుట వింతగా తోచును గాని, అందలి కారణము ఇది.

ఈ లెక్కలో మత్తుమందు వాటా యెంత? నిష్పక్షపాతముగా చెప్పవలసినచో, మొదటి వాటా గడచిన వారములది. నెలల తరబడి చక్కెర అదుపులో లేనిచో శిశువు క్లోమము పెద్దదై ఇన్సులిన్ హెచ్చుగా పుట్టించుటకు అలవాటుపడియుండును. ఆ అలవాటును ఏ మత్తుమందును ఒక్క గంటలో మార్పజాలదు. రెండవ వాటా ఆపరేషనుకు ముందటి గంటలది: నొప్పులు, భయము, ఎక్కించిన సీసాలు. మూడవది మత్తు తీరుది. మత్తునిచ్చిన పిదప బిడ్డ వెలికివచ్చుటకు పట్టుకాలము సాధారణముగా కొద్ది నిమిషములే గావున, బిడ్డపై దాని ప్రభావము స్వల్పము. తల్లిపై మాత్రము ఆపరేషను ముగిసి గాయము మానువఱకు ఆ చక్కెర లెక్కలోనికి వచ్చును. చక్కెర హెచ్చిన నెత్తుటితో గాయము చీము పట్టుటకు అవకాశము హెచ్చు. కావున మధుమేహమున్న తల్లికి, వేఱు అడ్డంకి లేనిచో, వెన్నుమత్తు అన్ని విధముల మేలని వైద్యుల అభిప్రాయము.

అడ్డంకులు ఉండవచ్చును. నెత్తురు గడ్డకట్టు గుణము చెడినవారికి, విపరీతముగా రక్తస్రావమగుచున్నవారికి, నడుముపై సూది దిగవలసినచోట చీము పట్టినవారికి వెన్నుసూది తగదు. బిడ్డ గుండె చప్పుడు పడిపోయి నిమిషములు లెక్కించవలసివచ్చినపుడు పూర్తిమత్తే ప్రాణదాత కావచ్చును. అట్టి వేళ మత్తువైద్యుని నిర్ణయమునకు అడ్డుపడరాదు. ఇందుకు విపరీతముగా, ఏ అడ్డంకియు లేనిచోట “మా అమ్మాయి పిఱికిది, సూదిని చూడలేదు, పూర్తిగా నిద్రపుచ్చుడు” అని అత్తగారో తల్లిగారో పట్టుబట్టుటయు తగదు. నడుములో సూది గ్రుచ్చినచో జీవితాంతము నడుమునొప్పి యను భయము మనలో ప్రబలియున్నది. సూది గ్రుచ్చినచోట కొద్దిదినములు సలుపుట, కొందఱకు తలనొప్పి వచ్చుట నిజమే. కాని కానుపు తరువాత నడుమునొప్పి సహజ ప్రసవమైన తల్లులలోను తఱచే. దానిని సూది నెత్తిన రుద్దుట సరికాదు.

వెన్నుమత్తునకు మఱియొక గుణము కలదు. తల్లి మేల్కొనియుండును. ఇన్సులిన్ తీసికొను తల్లికి చక్కెర హెచ్చుటకంటె తగ్గుట తక్షణ ప్రమాదకరము. చెమట, దడ, తల తిరుగుట, మాట తడబడుట దానికి గుఱుతులు. మేల్కొన్న తల్లి “నాకేమో అగుచున్నది” అని చెప్పగలదు. నిద్రలోనున్న తల్లి చెప్పలేదు. అందువలన పూర్తిమత్తులో వ్రేలి చివరనుండి చుక్క నెత్తురు తీసి చక్కెరను మాటిమాటికి చూడవలయును. బ్రిటిషు వైద్య మార్గదర్శకములు, మధుమేహమున్న తల్లికి ప్రసవ సమయమున గంటకొకసారియు, పూర్తిమత్తులో ప్రతి అరగంటకును, తల్లికి చక్కగా తెలివి వచ్చువఱకు చూడవలెనని విధించినవి. ఆ సమయమున చక్కెర సుమారు 70 నుండి 125 మిల్లీగ్రాముల నడుమ నిలుపుట లక్ష్యము.

ఇక ఇంటివారి వంతు. చోడవరము, మాడుగుల, నర్సీపట్నము ప్రాంతముల పల్లెలనుండి తల్లులను అనకాపల్లికిని, చిక్కు హెచ్చినచో విశాఖపట్టణమున 1923లో వెలసిన కింగ్ జార్జి ఆసుపత్రికిని తీసికొనిపోవుచుందురు. 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి అనకాపల్లి జిల్లా కేంద్రమైనది. ఎచ్చటికి పోయినను మత్తువైద్యుడు తల్లిని ఎఱుగడు. ఆయనకు దొరకు వ్యవధి కొద్ది. ఆ కొద్దిసేపటిలో నిజము చెప్పుట ఇంటివారి ధర్మము. మధుమేహమున్నదా, ఏ మందు ఏ వేళకు తీసికొన్నది, కడపటి ఇన్సులిన్ ఎపుడు, ఎంత, కడపట ఏమి తిన్నది, ఎపుడు తిన్నది, నెలలు నిండకమునుపు శిశువు ఊపిరితిత్తులు బలపడుటకు సూదులు వేయించిరా, ఇవి దాచరాదు. ఆ కడపటి సూదులు తల్లి చక్కెరను కొన్నిదినములు పెంచును. “షుగరున్నదని చెప్పినచో పెద్ద ఆసుపత్రికి పొమ్మందురు” అని దాచిన ఇంటివారు తల్లిని చీకటిలో బల్ల యెక్కించినవారే యగుదురు.

తిండి విషయము. తేదీ నిర్ణయించిన ఆపరేషనుకు ముందు తేలికయైన ఆహారమైనను 6 గంటల ముందే ముగింపవలయును. తేట మంచినీరు 2 గంటల ముందువఱకు త్రాగవచ్చును. “పస్తుండిన పిల్ల నీరసించును” అని చాటుగా ఇడ్డెనలు పెట్టుట పూర్తిమత్తులో ప్రాణాపాయము. కడుపులోనిది గొంతులోనికి వచ్చి ఊపిరితిత్తులలో జొరబడును. అట్లని రాత్రినుండి మధ్యాహ్నము వఱకు ఎండగట్టుటయు మంచిది కాదు. మధుమేహమున్న తల్లికి ఉదయపు తొలి ఆపరేషనుగా పెట్టుమని వైద్యుని అర్థించుట తెలివి. ఆ పూట ఇన్సులిన్, మాత్రలు ఎంత వేయవలెనో, మానవలెనో వైద్యుడే చెప్పవలయును.

అసలు మధుమేహమున్నదో లేదో తెలియనిచో ఈ జాగ్రత్తలన్నియు వ్యర్థము. గర్భముతో నున్నపుడు మాత్రమే తలయెత్తు మధుమేహమునకు పైకి గుఱుతులు కనబడవు. చెన్నై వైద్యుడు శేషయ్యగారు మన దేశపు తల్లులకు అనువైన సులభ పరీక్షను ప్రచారమునకు తెచ్చిరి. పరగడుపుతో పనిలేకుండ 75 గ్రాముల గ్లూకోజు నీట కలిపి త్రాగించి, రెండు గంటల తరువాత నెత్తురు చూతురు. 140 మిల్లీగ్రాములు గాని, అంతకు మించి గాని యున్నచో మధుమేహము. భారత ప్రభుత్వము ఈ పరీక్షనే స్వీకరించినది. మొదటిసారి ఆసుపత్రికి పోయినపుడు ఒకసారి, 24 మొదలు 28 వారముల నడుమ మఱియొకసారి చేయించుకొనవలయును. ఆయన పుట్టినదినమగు మార్చి 10వ తేదీ ఈ వ్యాధిని గూర్చి తెలియజెప్పు దినముగా జరుపబడుచున్నది.

ఇచ్చట మన బెల్లమును గూర్చి ఒక్కమాట చెప్పక తప్పదు. పంచదార చెడ్డది, బెల్లము మందువంటిది యను నమ్మకము ఈ సీమలో బలముగా నున్నది. బెల్లములో కొద్దిగా ఖనిజములున్న మాట నిజమే. కాని దానిలో హెచ్చుభాగము పంచదారలోనున్న తీపియే. నెత్తుటికి చేరిన పిదప అది బెల్లమునుండి వచ్చినదా, పంచదారనుండి వచ్చినదా యని క్లోమము అడుగదు. పుట్టింటివారు కడుపు చలువకై పెట్టు చలిమిడి, సారెతో వచ్చు తీపి పిండివంటలు, బాలింతకు పెట్టు కాయము, వీనియందలి ప్రేమను ఎవరు కాదందురు? మధుమేహమున్న అమ్మాయికి చలిమిడి ఒడిలో పెట్టి దీవింపుడు. గోరంత నోటబెట్టి మిగిలినది నలుగురికి పంచుడు. ఆచారమును చలిమిడి పరిమాణముతో కొలువనక్కరలేదు.

బిడ్డ పుట్టినంతనే తేనె, పంచదారనీరు నాకించు అలవాటును మానవలయును. బిడ్డకు చక్కెర తగ్గునని చెప్పితిని గదా, పంచదారనీరు మంచిదే గదా యని తలపవలదు. బిడ్డకు కావలసినది తల్లి ముర్రుపాలు. గంటలోపల పాలు పట్టుట, ఒంటిని వెచ్చగా నుంచుట, రెండు మూడు గంటలకొకసారి పాలిచ్చుట మొదటి రక్ష. ఇందును వెన్నుమత్తు మేలు కనబడును. తల్లి తెలివితో నుండుటచే బల్లమీదనే బిడ్డను రొమ్మున చేర్చుకొనవచ్చును. మధుమేహమున్న తల్లికి పుట్టిన బిడ్డ మడమనుండి చుక్క నెత్తురు తీసి చక్కెర చూచుట తప్పనిసరి. అది 45 మిల్లీగ్రాములకు దిగువకు పోయినచో వైద్యులు వెంటనే తగినది చేయుదురు. “పసిగుడ్డును పొడుచుచున్నారే” అని ఆ పరీక్షను ఆపరాదు.

మావి వెలికివచ్చిన పిదప తల్లికి ఇన్సులిన్ అవసరము ఒక్కసారిగా తగ్గిపోవును. కానుపుకు ముందటి మోతాదును అలవాటుగా వేసినచో చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. మోతాదు కొత్తగా అడిగి తెలిసికొనవలయును. ఆఱు వారముల తరువాత 75 గ్రాముల గ్లూకోజుతో మఱల పరీక్ష చేయింపవలయును. గర్భమధుమేహము పోయినదనుకొన్న తల్లులలో అనేకులకు కొన్నియేండ్లకు అది శాశ్వతముగా వచ్చుచున్నది. పురుటి సందడిలో ఈ పరీక్షను మఱచువారే యెక్కువ. పురిటిస్నానమునకు దినము చూచుకొనునట్లే దీనికిని ఒక దినము గుఱుతుపెట్టుకొనుడు.

శ్రోతలారా, చెఱకు రసము పాకమగునపుడు వంటవాడు మంటను, పెనమును, పాకమును మూడింటిని కనిపెట్టుచుండును. కానుపు బల్లమీదను అంతే. మత్తువైద్యుడు మంటను చూచుకొనును, శస్త్రవైద్యుడు తన పని చూచుకొనును. తొమ్మిది నెలలుగా ఆ తీపిని కనిపెట్టవలసినది మాత్రము ఇంటిలోనివారే. ఈ మాటలు వినుచున్న ఇంట నిండుచూలాలున్నచో ఆమె పరీక్ష చీటిని ఒక్కసారి తీసిచూడుడు. ఆ గ్లూకోజు పరీక్ష ఫలితము అందులో లేకున్నచో, ఆసుపత్రికి రేపే తీసికొనిపొండు.